రేవులో దిగిన మాట, రేవు దాటిన మాట

మే 18

ఉదయం ఏడు గంటలకు మాధవాయిపాలెం రేవులో ఉన్నాను. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఇక్కడ వంతెన లేదు. వంతెన కావాలని రెండు ఒడ్ల వాళ్ళూ ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. అది వచ్చేదాకా మనుషులను, మోటారు సైకిళ్ళను, కార్లను, అంతర్వేది వెళ్ళే భక్తులను దాటించేది పంటు. అడుగు చదునుగా, పైభాగం బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ అది. ఒడ్డుకు ఆనగానే బండ్లు నేరుగా దాని మీదికి ఎక్కుతాయి.

ఈ ప్రాజెక్టు పుట్టింది ఆ మాట దగ్గరే. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే ఈ రేవు దాటాలి. "పంటు వచ్చింది, రండి రండి" అనే కేక వింటూ పెరిగాను. తర్వాత భాషాశాస్త్రం చదివాను. ధ్వనులు, ధాతువులు, భాషా కుటుంబాలు అన్నీ నేర్చుకున్నాను. ఒకరోజు పాఠం మధ్యలో హఠాత్తుగా తోచింది: పంటు ఎవరి మాట? నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఎందుకు రాలేదా అని బాధ కలిగింది. కాళ్ళ కింద ఉన్న మాటను వదిలేసి ఎక్కడెక్కడి భాషల గురించో పరీక్షలు రాశాను.

పని పరిధి చిన్నదే. రేవులో, పంటు మీద, పడవల మీద వాడే మాటలు సేకరించాలి. ఒక్కొక్క మాటకు ఒక కార్డు. ఏది మన దేశ్యం, ఏది అన్యదేశ్యం, వచ్చినది ఏ దారిన వచ్చింది, వచ్చాక తెలుగులో ఎలా సర్దుకుంది అనేవి చూడాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. రైతు, నేతగాడు వాడే మాట కావ్యంలోని మాటతో సమానంగా పరిశోధనకు అర్హమైనదని నాకు నేర్పినవి అవే.

ఒక నియమం పెట్టుకున్నాను. కార్డు మీద పుట్టుక రాయాలంటే మూడు సాక్ష్యాలు ఉండాలి. ధ్వని కుదరాలి. వస్తువు కుదరాలి. ఆ మాటను మోసుకొచ్చిన మనుషులు ఇక్కడికి వచ్చినట్టు తెలియాలి. వినడానికి ఒకేలా ఉంది అనేది సాక్ష్యం కాదు.

మే 21

మొదటి రికార్డింగులన్నీ పాడయ్యాయి. ఇంజను మోత, గాలి హోరు తప్ప మాట వినిపించడం లేదు. ఫోనుకు చేతి రుమాలు చుట్టి చూశాను, కొంత నయం.

మోత కన్నా పెద్ద తప్పు నాది. ఒక కళాసీని, అంటే పడవ మీది పనివాణ్ణి, "దీన్ని మీరేమంటారు?" అని అడిగాను. ఆయన నా పుస్తకం, పెన్ను చూసి, ఒక్క క్షణం ఆలోచించి, "నౌక" అన్నారు. ఆయన జన్మలో ఆ పడవను నౌక అని ఉండరు. చదువుకున్న అమ్మాయి అడుగుతోంది కాబట్టి చదువుకున్న మాట ఇవ్వాలనుకున్నారు. అది ఆయన మర్యాద. నా పద్ధతే దానికి తావిచ్చింది. విలియం లబోవ్ సామాజిక భాషాశాస్త్రానికి మొదటే గుర్తుచేసిన చిక్కు ఇది: ఎవరూ గమనించనప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో మనకు కావాలి, కాని గమనించకుండా దాన్ని తెలుసుకోలేం. ఆయన తొలి పరిశోధన కూడా ఒక దీవిలోనే, అక్కడి జనం, ముఖ్యంగా జాలర్లు, మాటలు పలికే తీరు మీదే. అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ అనే ఆ దీవి మీద చేసిన పని 1963లో అచ్చయింది.

రేపటి నుంచి ప్రశ్నలు బంద్. టిక్కెట్టు కొనుక్కుని అటూ ఇటూ దాటడమే.

మే 29

ఎనిమిది రోజులు దాటుతూ, వింటూ, ఒడ్డుకు వచ్చాక రాసుకుంటూ గడిచింది. ఇప్పుడు నన్ను చూసి ఎవరూ మాట మార్చుకోవడం లేదు. టీ కొట్టు దగ్గర ఒక పాత సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, పరిచయమయ్యారు. ఇప్పుడు పని మానేశారు కాని పొద్దున్నే రేవుకు రాకుండా ఉండలేరు. నేను తాతగారూ అంటాను, ఆయన అమ్మా అంటారు. అంతకన్నా ఇక్కడ పేరు అవసరం లేదు.

కార్డులు ముందేసుకుని చూస్తే ఆశ్చర్యం కలిగింది. నీళ్ళు, ఒడ్డు, చేతి పని గురించిన మాటలు దాదాపు అన్నీ మనవే. రేవు, గట్టు, పాయ, లంక, గెడ, తెడ్డు, మోకు, తెరచాప, పోటు. పడవ, ఓడ కూడా ద్రావిడ మాటలే. అదే పడవను నడిపే వ్యవస్థలోకి వస్తే పేర్లు మారిపోతాయి. సరంగు పర్షియన్ 'సర్‌హంగ్', అంటే నాయకుడు, దళపతి. లంగరు కూడా పర్షియన్ మాటే. చుక్కాని అరబీ 'సుక్కాన్'. కళాసీ కూడా అరబీ నుంచి వచ్చిందే. హిందూ మహాసముద్రం మీద ఓడలు నడిపిన నావికులు శతాబ్దాల పాటు ఈ మాటలను రేవు రేవుకూ పంచుతూ పోయారు. తమిళంలోనూ చుక్కానికి 'సుక్కాన్' అనే మాట ఉంది.

చుక్కాని సంగతి తాతగారికి చెప్పాను. చాలాసేపు నది వైపు చూశారు. "నేను ముప్పై ఏళ్ళు చేత్తో పట్టుకున్నది అరబ్బుల మాటా అమ్మా?" అన్నారు. మాట వాళ్ళది, పట్టు మీది అన్నాను. నవ్వలేదు. "మరి తెడ్డు?" అన్నారు. తెడ్డు మనదే అని చెప్పాక టీ తాగారు.

పంటు గురించి ఆయనకు ఒక సిద్ధాంతం ఉంది. "పూర్వం లంకల నుంచి పంట దీని మీదే దాటించేవారు. పంట మోసేది కాబట్టి పంటు." చక్కగా ఉంది, నమ్మాలనిపిస్తుంది. జనం నోట ఇలా పుట్టే వ్యుత్పత్తులను నేను తేలిగ్గా తీసుకోను. తెలియని మాటకు తెలిసిన అర్థం అల్లుకోవడం భాష బతికి ఉన్నదనడానికి గుర్తు. కాని పంట నుంచి పంటు ఎలా వస్తుంది? మోసే దాన్ని మోయబడే దాని పేరుతో, చివరి అచ్చు మాత్రం మార్చి పిలిచే పద్ధతి తెలుగులో ఎక్కడుంది? బియ్యం మోసేది బియ్యు కాదు, ఇసుక మోసేది ఇసుకు కాదు. మరో జత దొరికేదాకా ఈ సిద్ధాంతాన్ని కార్డు వెనుక వైపు, చెప్పినవారి మాటగా రాసి ఉంచుతాను.

జూన్ 1

నిన్న తాతగారి మనవడు, ఇంటర్ చదువుతున్నాడు, సూటిగా అడిగాడు: "పంట, పంటు అంత దగ్గరగా ఉంటే కాదంటారు. కన్నడం వాళ్ళ హడగు, మన పడవ ఒకటే అంటారు. ఇదెక్కడి లెక్క?"

ఇంతకన్నా మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పుస్తకంలో పేజీ తిప్పి రాసి చూపించాను. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులి, హులి. పువ్వు, హూవు. పడవ, హడగు. తమిళంలో అదే 'పడగు'. కన్నడంలో మాట మొదట ఉండే పకారం ఒక కాలంలో హకారమైంది. ఒక్క మాటలో జరిగితే యాదృచ్ఛికం కావచ్చు. వరుసగా జరిగితే అది ధ్వని సూత్రం. చుట్టరికానికి రుజువు ఆ వరుసే. తెలుగు చేయి, కన్నడ కై అలాంటివే: చెడు అని మనం అనే చోట వాళ్ళు 'కెడు' అంటారు. మన చకారం వెనుక ఒకప్పటి కకారం ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్నదని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, ఇలా మాటలను పక్కపక్కన పేర్చే చూపించాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 2018లో, కొందరు పరిశోధకులు ఇరవై ద్రావిడ భాషల నుంచి వంద మౌలిక పదాలు తీసుకుని కంప్యూటర్ మీద లెక్కగట్టి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 సంవత్సరాలని అంచనా వేశారు. ఆ పనికీ పునాది ఈ వరుసలే.

అబ్బాయి పేజీ ఫోటో తీసుకున్నాడు. తాతకు చూపిస్తాడట.

జూన్ 5

ఈ రోజంతా ఇంట్లోనే, ఒక్క మాట మీదే. పంటు.

మనుషుల సాక్ష్యం చూస్తే ఇద్దరు అనుమానితులు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో డచ్చివారు 17వ శతాబ్దం నుంచి వర్తకం చేశారు. 1824 ఒప్పందంతో తమ భారతీయ స్థావరాలను ఇంగ్లీషువారికి వదిలి, మరుసటి ఏడాది అప్పగించారు. డచ్చి భాషలో నది దాటించే పడవను 'పొంట్' అంటారు, ఇప్పటికీ. ఇంగ్లీషులో చదును అడుగు పడవను 'పంట్' అంటారు. ఇద్దరూ ఈ రేవు చుట్టూనే ఉన్నారు. వస్తువు ఇద్దరికీ కుదురుతుంది. పైగా ఈ రెండూ అక్కాచెల్లెళ్ళు. రెంటికీ తల్లి లాటిన్ 'పొంతో', అంటే చదును పడవ. దానికీ తల్లి 'పొన్స్', అంటే వంతెన. వంతెన కోసం ఎదురు చూస్తున్న రేవులో, వంతెన అనే మాటకు మనవరాలు రోజూ జనాన్ని దాటిస్తోంది.

కాబట్టి ధ్వనిని అడగాలి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలను రెండు గుంపులు చేశాను. ఇంగ్లీషువారు 'ఆ', 'ఒ' ల మధ్య నోరు తెరిచి పలికే అచ్చును మన చెవి ఆకారంగా పట్టుకుంది: లాకు, డాక్టరు, ఆఫీసు, కాఫీ, బాక్సు. బస్, కప్ మాటల్లోని పొట్టి అచ్చును అకారంగా పట్టుకుంది: బస్సు, కప్పు, పంపు, క్లబ్బు, నంబరు, రబ్బరు. 'పంట్' రెండో గుంపు మాట. పంటు అని దిగడమే న్యాయం.

మరి డచ్చి 'పొంట్' దిగి ఉంటే? అంతకుముందు వచ్చిన పోర్చుగీసు మాటలు చూశాను. 'బొతావ్' మనకు బొత్తాము అయింది, 'తువాల్య' తువాలు అయింది. అక్కడి ఒకారం ఒకారంగానో ఉకారంగానో ఉండిపోయింది. నా కార్డుల్లో ఎక్కడా అకారం కాలేదు. అయితే పొంటు అనో పుంటు అనో ఉండాలి.

ఇక్కడ ఒక మాట నన్ను రెండు గంటలు ఆపేసింది. నరసాపురంలోనే వలంధర రేవు ఉంది. హాలండర్ల రేవు అది. డచ్చివారిని పాత తెలుగులో వలందావారు అనేవారు. హకారం పోయింది, సరే. కాని ఒకారం అకారమైంది కదా! అంటే డచ్చి ఒకారం ఈ ఊళ్ళోనే అకారమైనట్టా? కుర్చీలోంచి లేచి వరండాలో తిరిగాను. తర్వాత తట్టింది. మాట మొదట ఒకారం ఉంటే మన నోరు దాని ముందు వకారాన్ని చేర్చుతుంది: ఒక, వొక, వక. ఒళ్ళు, వొళ్ళు, వళ్ళు. వకారం వచ్చాక ఒకారం కరిగి అకారమవుతుంది. ఒలందర, వలందర అయిన దారి అది. మాట మొదట్లోనే ఆ దారి తెరుచుకుంటుంది. పొ, కొ, బొ ల తర్వాత లేదు. బొత్తాము బత్తాము కాలేదు. పొంటు పంటు కానక్కర్లేదు.

కార్డు మీద పెన్సిలుతో రాశాను: ఇంగ్లీషు 'పంట్'. ధ్వని సాక్ష్యం బలం. తాతగారి పంట, డచ్చివారి పొంట్ వెనుక వైపు.

జూన్ 6

చిన్న విషయం, కాని నిన్న రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. తెలుగు అజంత భాష, వచ్చిన ప్రతి మాటకూ చివర అచ్చు తగిలిస్తుంది. ఎక్కువగా ఉకారం: పంటు, లాకు, గేటు, బోటు. మరి లాంచీ? బ్యారేజీ? ఇవెందుకు లాంచు, బ్యారేజు కాలేదు? వరుస రాసుకుంటే కనిపించింది. బెంచీ, కాలేజీ, గ్యారేజీ, జడ్జి, బ్రిడ్జి. మాట చకారంతోనో జకారంతోనో ముగిస్తే వచ్చే అచ్చు ఇకారం. నాలుక అంగిలి వైపు లేచి పలికే తాలవ్య హల్లు అలాంటి తాలవ్య అచ్చునే పిలుచుకుంటోంది. ఎవరూ నేర్పలేదు. బడికి వెళ్ళని కళాసీ కూడా తప్పు చేయడు.

పొట్టి అచ్చు తర్వాత హల్లు రెట్టిస్తుంది: బస్సు, కప్పు, పెన్ను. పొడుగు అచ్చు తర్వాత రెట్టించదు: ఫోను, బోటు, గేటు. రోడ్డు మాత్రం లొంగలేదు. దాని కార్డు పక్కన పెట్టాను.

లాంచీ ప్రయాణం కూడా పెద్దదే. ఇంగ్లీషువారు ఆ పడవ పేరును స్పానిష్, పోర్చుగీసు 'లాంచా' నుంచి తీసుకున్నారు. వాళ్ళకు అది మలయ్ నావికుల నుంచి చేరిందని నిఘంటుకారుల అభిప్రాయం. తూర్పు సముద్రం నుంచి ఐరోపా వెళ్ళి, తిరిగి తూర్పు తీరానికి వచ్చింది.

జూన్ 17

వచ్చిన మాటలే రాస్తున్నాను, వెళ్ళిన మాటలో?

నేను రోజూ నిలబడే రేవు పేరు మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ వర్తక స్థావరం ఉండేది. వాళ్ళ నోట ఊరి పేరు 'మడపోలం' అయింది. ఇక్కడి నుంచి ఓడలకెక్కిన సన్నని నూలు గుడ్డకూ అదే పేరు పడింది. ఫ్రెంచివారూ తీసుకున్నారు. ఈ రోజుకీ ఫ్రెంచి నిఘంటువులో 'మదపొలామ్' అంటే ఒక రకం నూలు గుడ్డ. ఊరిలో మగ్గం ఆగినా మాట అక్కడ అరల్లో మడతపెట్టి ఉంది.

తాతగారికి చెప్పినప్పుడు ఈసారి ముఖం వెలిగింది. "మన పాలెం మాట ఫ్రాన్సు దాటిందా" అని టీ కొట్టులో అందరికీ చెప్పారు. నాకు కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. ఏ నేతగాడి గుడ్డో, ఎవరు వడికిన నూలో, పేరు లేదు. ఊరి పేరు ఒక్కటి మిగిలింది, అదీ వంకర పలుకుబడిలో.

ఆనకట్ట కూడా ఇలాగే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన కట్టడాన్ని ఇంగ్లీషువారు 'యానికట్' అన్నారు. అది తమిళ 'అణైక్కట్టు', మన ఆనకట్టకు తోబుట్టువు. దక్షిణాది మాట వాళ్ళు తీసుకున్నారు, కాలువ తలుపులకు తమ మాట లాకు మనకిచ్చారు. తర్వాత బ్యారేజీ వచ్చింది. లాకు ఇప్పుడు ఇంగ్లీషు మాట కానే కాదు. "లాకుల దగ్గర దింపండి" అంటే డెల్టాలో అది ఒక చోటు. ర్యాంపు కూడా అంతే. వాళ్ళకు వాలు దారి, గోదావరి ఒడ్డున మాత్రం ఇసుక ఎత్తే చోటు. అర్థం మారిందంటే మాట కాపురం పెట్టిందని లెక్క.

జూన్ 28

ఒక పరీక్ష కనిపెట్టానని వారం రోజులు సంబరపడ్డాను. ఊరు, ఊళ్ళు. వేరు, వేళ్ళు. గోరు, గోళ్ళు. పాత తెలుగు మాటలకు బహువచనంలో 'ళ్ళు' వస్తుంది. కారు, కార్లు. మీటరు, మీటర్లు. కొత్తవాటికి రాదు. ఔపవిభక్తికంలోనూ, అంటే విభక్తి చేరే ముందు మాట మారే రూపంలోనూ, అంతే: ఏరు ఏటి అవుతుంది, నోరు నోటి అవుతుంది, కారు కారుగానే ఉంటుంది. పన్ను పంటి అవుతుంది, పంటు మాత్రం పంటు మీదే. ఇంకేం, ఏ మాటనైనా బహువచనం చేసి వయసు చెప్పేయవచ్చు అనుకున్నాను.

మొదట పేరు ఎదురొచ్చింది. అచ్చ తెలుగు మాట. కాని పేర్లు అంటాం. సరే, 'ళ్ళు' లేకపోవడం దేనికీ రుజువు కాదు, ఉండటం మాత్రం రుజువే అని సరిదిద్దుకున్నాను. ఇవాళ మేజోళ్ళు ఎదురొచ్చాయి. పర్షియన్ 'మోజా' అది. మన జోడుతో కలిసిపోయి మేజోడు అయి, జోళ్ళ దారిలో మేజోళ్ళు అయింది. పరాయి మాట మన అత్యంత పాత బహువచనాన్ని కట్టుకుంది.

పరీక్ష కొట్టేశాను. కొట్టివేత కింద కారణం రాసి ఉంచాను, ఎందుకంటే మేజోడు ఆ పరీక్ష కన్నా విలువైనది. తాతగారు పంటలో పంటును వెతికినట్టే ఎవరో ఎప్పుడో మోజాలో జోడును విన్నారు. అప్పుడది తప్పు. జనం అందరూ అలాగే అన్నాక అదే తెలుగు.

జులై 4

ఇప్పటిదాకా నామవాచకాలే. క్రియలు చూడలేదు. ఈ వారం పంటు మీద క్రియలు మాత్రమే రాసుకున్నాను: కట్టారు, విప్పారు, వదిలారు, ఆనించారు, దాటింది, ఒరిగింది, ఎక్కించు, జరుపు. లంగరు పర్షియన్ అయినా వేసేది, ఎత్తేది తెలుగులోనే.

పరాయి క్రియలు రాలేదని కాదు, వచ్చాయి. కాని ప్రతి కాలంలోనూ వేరే గుమ్మం నుంచి వచ్చాయి. సంస్కృత ధాతువులకు 'ఇంచు' చేర్చుకున్నాం: రక్షించు, భావించు, ప్రార్థించు. హిందుస్తానీ క్రియలు వచ్చినప్పుడు 'ఆయించు' అయింది: దబాయించు, చలాయించు, బనాయించు, ఉడాయించు. ఇంగ్లీషు వచ్చేసరికి ఆ గుమ్మాలు మూసేశాం. స్టార్టించారు అని ఎవరూ అనరు. "ఇంజను స్టార్టు చేశారు", "ఇంజను స్టార్టు అయింది" అంటారు.

ఈ చేయు, అవు జతను చూసి మురిసిపోయాను. ఇంగ్లీషులో మనిషి ఇంజను మొదలుపెట్టినా, ఇంజను దానంతట అది మొదలైనా ఒకే క్రియ. మనకు ఆ రెండూ వేరు: తెగింది వేరు, తెంచారు వేరు. కొత్త మాటకు ఆ తేడా లేకపోతే చేయు, అవు పెట్టి మనం తెచ్చిపెట్టాం. కళాసీలు రోజుకు వందసార్లు ఆ పని చేస్తున్నారు.

జులై 13

యానాం, కోరంగి వెళ్ళి వచ్చాను. గౌతమి ఒడ్డున యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉంది. చట్టపరమైన బదిలీ 1962లో పూర్తయింది. రెండు శతాబ్దాలకు పైగా ఉన్న పాలన కాబట్టి ఫ్రెంచి పడవ మాటలు దొరుకుతాయని ఆశపడ్డాను. నాకు వినిపించినవి అవే చుక్కాని, లంగరు, సరంగు. ఫ్రెంచి సర్కారు కచేరీల్లో ఉంది, నీటి మీదికి దిగలేదు.

తిరుగు ప్రయాణంలో కుప్వార్ గుర్తొచ్చింది. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గరి ఊరు. గంపర్జ్, విల్సన్ అనే పరిశోధకులు అక్కడి భాషల మీద చేసిన పరిశీలన 1971లో వెలువడింది. ఆ ఊళ్ళో మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్ళు తరాలుగా పక్కపక్కన ఉన్నారు, కొంత తెలుగు కూడా ఉంది. అక్కడ ఏ ఇంటి మాటలు ఆ ఇంటివే. కాని వాక్య నిర్మాణాలు ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. ఒక భాష వాక్యంలో మాటకు మాట మార్చితే ఇంకో భాష వాక్యమవుతుంది. మన రేవులో సరిగ్గా తిరగబడింది. మాటలు నాలుగు సముద్రాలవి, వాక్యం చెక్కు చెదరలేదు.

ఎందుకో ఇప్పుడు చెప్పగలననుకుంటాను. కుప్వార్‌లో ఒకే మనిషి పొద్దున ఒక భాష, సాయంత్రం ఒక భాష మాట్లాడేవాడు. రెండు వ్యాకరణాలు ఒకే తలలో ఉండేవి. మన రేవులో పర్షియన్ గాని ఇంగ్లీషు గాని ఇంట్లో మాట్లాడిన కళాసీ లేడు. లంగరు వచ్చింది, దానికి కట్టి పేరు వచ్చింది. వస్తువుతో వచ్చిన మాట ఒంటరిగా వస్తుంది, వ్యాకరణాన్ని వెంట తెచ్చుకోదు. సి.పి. బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన పరాయి మాటలకు ప్రత్యేకంగా మిశ్ర భాషా నిఘంటువు వేశాడు. ఆ పేరు గురించి దారి పొడవునా ఆలోచించాను. రేవులో కలిసింది మాటల పెట్టె, భాష కాదు.

కోరంగి నుంచి ఒక కార్డు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన ఈ రేవును తుడిచిపెట్టింది. కాని పేరు అప్పటికే ఓడలెక్కింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ, ఏ ఊరివారైనా, ఇంగ్లీషువారు కోరంగీలని రాశారు. మడపోలం గుడ్డకు అంటింది, కోరంగి మనుషులకు.

జులై 22

ఎగువన వానలు. నది ఎర్రబడింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నీటి మట్టం మొదటి హెచ్చరిక దాటింది. వారం రోజుల పని ఆగిపోయినట్టే. ఇంట్లో కార్డులు అక్షర క్రమంలో సర్దుతున్నాను. పిన్ని పక్కన కూర్చుని లేసు అల్లుతోంది. లేసు ఇంగ్లీషు, చేతిలో క్రోషా సూది ఫ్రెంచి, అల్లడం మనది. నేను అడగకుండానే రాసుకున్నాను.

జులై 24

పొద్దున్నే ఫోను. తాతగారు. నేను రేవుకు బయలుదేరతానేమోనని కంగారుపడి చేశారు. గొంతులో తొందర. ఆయనకు నా పుస్తకం గుర్తులేదు, నాకు రికార్డు చేయాలని గుర్తులేదు. మాట్లాడి పెట్టేశారు.

పెట్టేశాక అర్థమైంది. మే నెల నుంచి నేను వెతుకుతున్నది ఆ వాక్యమే. మళ్ళీ ఆయనకు ఫోను చేసి, మీరు ఇప్పుడన్నది అన్నట్టే రాసుకోవచ్చా అని అడిగాను. "దాంట్లో రాసుకోవడానికేముందమ్మా?" అన్నారు. కొంచెం ఆగి, రాసుకోమన్నారు.

పంటు కార్డు మీద పెన్సిలు గీతల కింద ఇది ఇంకుతో రాశాను:

"పంటు కట్టేశారమ్మా. లంగరు ఆగడం లేదు, మోకులు వేసి గట్టు మీది చెట్టుకు బిగించారు. నీళ్ళు తీశాక రండి."